45 కొట్టినా టైటాన్స్ ఎందుకు ఓడింది? చివరి రైడ్ కాదు.. బెంచ్ వైపు చూడండి!

"45 కొట్టి కూడా ఓడిపోనామేటి బావా?"

శ్రీకాకుళం, విజయనగరం వైపు కబడ్డీ చూసేవాళ్లకు ఈ ప్రశ్న కొత్తేం కాదు. 2025 అక్టోబర్ చివరి వారం.. ఢిల్లీలో ప్రొ కబడ్డీ లీగ్ 12వ సీజన్ క్వాలిఫయర్-2. ఒక్క గెలుపు దొరికితే తెలుగు టైటాన్స్ తొలిసారి ఫైనల్‌కి వెళ్లేది. మన టీమ్ 45 పాయింట్లు కొట్టింది. మామూలు రోజుల్లో అయితే ఇది గెలిచే స్కోరే. కానీ పుణేరి పల్టన్ 50 కొట్టింది. అంతే.. కథ ముగిసింది.

మ్యాచ్ అయ్యాక అసలు ఆట మొదలవుతుంది. టీ కొట్టు దగ్గర, పాసింజర్ రైల్లో, వాట్సాప్ గ్రూపుల్లో. "ఆ చివర్లో రైడ్‌కి వాడిని ఎందుకు పంపించారు?" అని ఒకరు. "కార్నర్ వాడు తొందరపడ్డాడు" అని ఇంకొకరు. "అదృష్టం లేదంతే" అని మూడో ఆయన. ముగ్గురూ ఆటను ప్రేమించేవాళ్లే. కానీ ముగ్గురూ చూసింది చివరి ఐదు నిమిషాలే.

మరి మ్యాచ్‌ని ఎలా చదవాలి? ఎవరి వల్ల ఓడామో కాదు, ఎక్కడ ఓడామో ఎలా పట్టుకోవాలి? దానికి పెద్ద సాఫ్ట్‌వేర్‌లు అక్కర్లేదు. చేతిలో ఉన్న మొబైల్, కొంచెం ఓపిక ఉంటే చాలు. ఆ లెక్క ఏంటో ఇప్పుడు చూద్దాం.

66 మ్యాచ్‌లు.. 5 గెలుపులు

ముందుగా టైటాన్స్ ఫ్యాన్ పడ్డ కష్టం ఎంతో ఒకసారి గుర్తు చేసుకోవాలి. 2014లో లీగ్ మొదలైనప్పటి నుంచీ ఈ టీమ్ ఉంది. రాహుల్ చౌదరి రైడ్‌కి వెళ్తుంటే ఊగిపోయిన రోజులున్నాయి. 2015లో మూడో స్థానం, 2016లో నాలుగో స్థానం. ఆ తర్వాత మెల్లగా కిందికి జారింది.

8వ సీజన్‌లో 22 మ్యాచ్‌లు ఆడితే గెలిచింది ఒక్కటి. 9వ సీజన్‌లో 22 ఆడి 2. పదో సీజన్‌లోనూ 22 ఆడి 2. మూడు సీజన్లు కలిపితే 66 మ్యాచ్‌ల్లో 5 గెలుపులు. మూడుసార్లూ పాయింట్ల పట్టికలో అట్టడుగు స్థానమే. అయినా టీవీ కట్టేయకుండా చూసినవాళ్లు ఉన్నారంటే వాళ్లకి దండం పెట్టాల్సిందే.

ఇక్కడే ఒక విషయం గమనించండి. పదో సీజన్‌కి ముందు టైటాన్స్ పవన్ సెహ్రావత్‌ని రూ.2.60 కోట్లకు పైగా పెట్టి తెచ్చుకుంది. అప్పటికి లీగ్ చరిత్రలోనే అది అత్యధిక ధర. పవన్ ఫెయిల్ అయ్యాడా అంటే అదీ లేదు. ఆ సీజన్‌లో టాప్ రైడర్లలో అతనూ ఒకడు. అయినా టీమ్ గెలిచింది రెండే మ్యాచ్‌లు!

మరుసటి ఏడాది 11వ సీజన్‌లో పవన్ గాయపడి కొన్ని మ్యాచ్‌లకు దూరమయ్యాడు. "ఇంక అయిపోయింది" అనుకున్నారు అందరూ. కానీ విజయ్ మాలిక్, ఆశిష్ నర్వాల్ లాంటివాళ్లు రైడింగ్ భారాన్ని పంచుకున్నారు. ఆ సీజన్‌లో టైటాన్స్ 12 మ్యాచ్‌లు గెలిచి ఏడో స్థానంలో నిలిచింది. 12వ సీజన్‌లో పవన్ తమిళ్ తలైవాస్‌కి వెళ్లిపోయాడు. విజయ్ మాలిక్ కెప్టెన్, కృషన్ కుమార్ హుడా కోచ్. 18 లీగ్ మ్యాచ్‌ల్లో 10 గెలిచి ప్లేఆఫ్స్‌కి చేరింది. అక్కడ బెంగళూరు బుల్స్‌ని, పట్నా పైరేట్స్‌ని ఓడించి క్వాలిఫయర్-2 దాకా వచ్చింది.

స్టార్ ఉన్నప్పుడు రెండు గెలుపులు. స్టార్ కొన్నాళ్లు లేనప్పుడు పన్నెండు. అసలు స్టారే లేనప్పుడు ఫైనల్ గుమ్మం దాకా. అంటే స్టార్ వద్దని కాదు. ఒక్కడి స్కోరు చూసి టీమ్ ఆటని అంచనా వేస్తే తప్పులో కాలేసినట్టే అని.

స్కోరు ఒక లెక్క.. మ్యాట్ మీద మనుషులు ఇంకో లెక్క

ఫుట్‌బాల్‌లో రెడ్ కార్డ్ పడితేనే మనిషి తగ్గుతాడు. కబడ్డీలో అలా కాదు, ప్రతి నిమిషం మనుషులు తగ్గుతుంటారు, పెరుగుతుంటారు. ఏడుగురితో మొదలైన టీమ్ రెండు నిమిషాల్లో ముగ్గురికి పడిపోవచ్చు. అందుకే కబడ్డీలో స్క్రీన్ మీద పెద్ద అక్షరాల్లో కనిపించే స్కోరు సగం కథే చెబుతుంది. మిగతా సగం బెంచ్ మీద కూర్చుని ఉంటుంది.

రూల్ అందరికీ తెలిసిందే. అవతలి వాడిని టచ్ చేసినా, అవతలి రైడర్‌ని పట్టేసినా పాయింటు వస్తుంది, బయట ఉన్న మనవాడు ఒకడు లోపలికి వస్తాడు. కానీ చాలామంది పట్టించుకోని మాటలు రెండున్నాయి.

ఒకటి.. ముందు అవుటైనవాడే ముందు లోపలికి వస్తాడు. మనకి కావాల్సినవాడిని ఎంచుకుని తెచ్చుకోవడం కుదరదు.

రెండోది.. బోనస్ పాయింటుకి ఎవరూ లోపలికి రారు. స్కోరు పెరుగుతుంది, మనిషి మాత్రం పెరగడు. సూపర్ ట్యాకిల్‌కి వచ్చే అదనపు పాయింటు కూడా అంతే.

ఇప్పుడు ఒక ఉదాహరణ చూద్దాం. స్కోరు 18-18 అనుకోండి. మన కవర్ డిఫెండర్ ముందు అవుటయ్యాడు. తర్వాత రెండో రైడర్ దొరికిపోయాడు. మూడో వాడిగా మన మెయిన్ రైడర్ దొరికాడు. ఇప్పుడు స్కోరు 18-21. చూడ్డానికి తేడా మూడే. "ఇదేం పెద్ద తేడా" అనిపిస్తుంది. కానీ మెయిన్ రైడర్ తిరిగి రావాలంటే మనకి మూడు టచ్ లేదా ట్యాకిల్ పాయింట్లు కావాలి. మొదటి పాయింటుకి కవర్ వస్తాడు, రెండో దానికి రెండో రైడర్ వస్తాడు, మూడో దానికి గానీ మెయిన్ రైడర్ రాడు. ఆ మూడు పాయింట్లూ ఎవరు తేవాలి? మెయిన్ రైడర్ లేకుండా మిగిలిన నలుగురే తేవాలి!

ఈలోగా ఎవరో తెలివిగా ఒక బోనస్ పట్టుకొచ్చాడు అనుకోండి. స్కోరు 19-21 అయింది. ఫ్యాన్స్ చప్పట్లు కొడతారు. కానీ బెంచ్ మీద మాత్రం ఇంకా ముగ్గురూ అలాగే కూర్చుని ఉన్నారు. మ్యాచ్ చేజారిపోయేది ఇలాంటి నిమిషాల్లోనే. స్కోరు బోర్డు ఆ సంగతి చెప్పదు.

అందుకే మ్యాచ్ అయ్యాక వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న "మన మెయిన్ రైడర్ ఎన్ని పాయింట్లు తెచ్చాడు?" కాదు. "40 నిమిషాల్లో వాడు ఎన్ని నిమిషాలు మ్యాట్ మీద ఉన్నాడు?"

ఒక్క ట్యాకిల్.. ఐదు పాయింట్ల తేడా

పుణెతో మ్యాచ్‌లో తేడా ఐదు పాయింట్లు. ఐదు అంటే ఎంత? కబడ్డీలో దాని విలువ ఎంతో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది.

మన టీమ్‌లో ఒక్కడే మిగిలాడు అనుకోండి. అవతలి రైడర్ వచ్చాడు. వాడు మనవాడిని టచ్ చేసి వెళ్లిపోతే అవతలి టీమ్‌కి ఒక పాయింటు, ఆలౌట్ కింద ఇంకో రెండు. మొత్తం మూడు. అదే మనవాడు ఒంటరిగా ఆ రైడర్‌ని పట్టేశాడు అనుకోండి.. ముగ్గురు లేదా అంతకంటే తక్కువ డిఫెండర్లు ఉన్నప్పుడు పట్టేస్తే అది సూపర్ ట్యాకిల్. మనకి రెండు పాయింట్లు. అవతలి వాళ్లకి రావాల్సిన మూడు ఆగిపోయాయి, మనకి రెండు వచ్చాయి. ఒకే ఒక్క రైడ్ ఫలితం అటూ ఇటూ అయితే తేడా ఐదు! పుణెతో ఓడిన తేడా సరిగ్గా అంతే.

ఆ మ్యాచ్‌లో ఇలాంటి రైడ్ ఒకటి జరిగి, దానివల్లే ఓడామని చెప్పడం లేదు. ఐదు పాయింట్ల తేడా మొదటి సగంలో ఏదో ఒక మూల, ఎవరికీ గుర్తులేని నిమిషంలో కూడా పుట్టొచ్చు అని చెప్పడమే. ఎనిమిదో నిమిషంలో వదిలేసిన సూపర్ ట్యాకిల్ గురించి ఎవరూ పోస్ట్ పెట్టరు. ముప్పై తొమ్మిదో నిమిషంలో దొరికిపోయిన రైడర్ ఫొటో మాత్రం రాత్రంతా తిరుగుతుంది.

ఆలౌట్ విషయంలో ఇంకో మెలిక ఉంది. ఆలౌట్ అయితే అవతలి వాళ్లకి రెండు పాయింట్లు పోతాయి, నిజమే. కానీ మన ఏడుగురూ ఒకేసారి లోపలికి వచ్చేస్తారు, మెయిన్ రైడర్‌తో సహా. అందుకే చివరి నిమిషాల్లో ఆధిక్యంలో ఉన్న టీమ్ కొన్నిసార్లు ఆ మిగిలిన ఒక్కడిని కావాలనే అవుట్ చేయదు. రైడర్ వస్తాడు, గీత దాటి అటూ ఇటూ తిరుగుతాడు, వెళ్లిపోతాడు. "ఏటి, భయపడిపోతున్నాడా?" అనుకుంటాం. భయం కాదు, లెక్క. మన స్టార్ రైడర్‌ని బెంచ్ మీదే కూర్చోబెట్టే లెక్క.

"ఊరికే తిరిగొచ్చేశాడు" అని తిట్టే ముందు..

ఫ్యాన్స్ ఎక్కువగా తిట్టేది ఎంప్టీ రైడ్‌ని. 30 సెకన్లు లోపల తిరిగి, ఏమీ తేకుండా వచ్చేస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. కానీ అది తప్పా ఒప్పా అన్నది గడియారం చూసి చెప్పాలి.

వరుసగా రెండు రైడ్లు ఖాళీగా పోతే మూడోది డూ ఆర్ డై. ఆ రైడ్‌లో పాయింటు తేవాలి, లేకపోతే రైడర్ అవుట్. కాబట్టి ఏ టీమూ ఎప్పటికీ ఖాళీగా తిరుగుతూ ఉండలేదు. రెండుసార్లు మాత్రం తిరగొచ్చు.

ఇప్పుడు చివరి ఐదు నిమిషాలు తీసుకోండి. 300 సెకన్లు. రెండు టీమ్‌లూ ప్రతి రైడ్‌కి పూర్తి 30 సెకన్లు వాడుకుంటే మొత్తం పది రైడ్లు. ఒక్కో టీమ్‌కి ఐదు. ఆ ఐదులో రెండు ఖాళీ, మూడోది డూ ఆర్ డై, మళ్లీ రెండు ఖాళీ. అంటే నాలుగు పాయింట్ల ఆధిక్యంలో ఉన్న టీమ్ ఐదు నిమిషాల్లో ఒక్క రైడ్‌లో మాత్రమే రిస్క్ తీసుకుంటే చాలు! అదే నాలుగు పాయింట్లు వెనకబడ్డ టీమ్ అలా ఖాళీగా తిరిగితే అది ఆత్మహత్యే. వాళ్లు రైడ్‌ని పది, పదిహేను సెకన్లలో ముగించి, ఎక్కువ రైడ్లు సంపాదించుకోవాలి.

కాబట్టి ఎంప్టీ రైడ్ చూడగానే అడగాల్సినవి రెండే. అప్పుడు స్కోరులో ముందున్నామా, వెనకున్నామా? టైమ్ ఎంత మిగిలి ఉంది?

డూ ఆర్ డై రైడ్‌కి ఎవరిని పంపారన్నది కూడా చూడాలి. మూడో రైడ్‌కి వచ్చేవాడు తప్పకుండా లోపలికి వస్తాడని డిఫెండర్లకి తెలుసు. కార్నర్లు, కవర్లు అందరూ కాచుకుని కూర్చుంటారు. అలాంటి రైడ్‌కి చాలా టీమ్‌లు మెయిన్ రైడర్‌ని పంపవు. దొరికితే టీమ్ మొత్తం కుప్పకూలుతుంది కాబట్టి, మూడో రైడర్‌నో, కుర్రాడినో పంపుతాయి. వాడు దొరికిపోతే స్కోర్ కార్డులో వాడి పేరు పక్కన సున్నా ఉంటుంది. కానీ వాడు చేసింది మెయిన్ రైడర్‌ని కాపాడే పని. ఆ సున్నా వెనక కోచ్ ప్లాన్ ఉంటుంది. అది తెలియకుండా ఆ కుర్రాడిని ట్రోల్ చేస్తే అన్యాయమే కదా?

50 ఇచ్చేసిన చోట చూడాలి

మళ్లీ పుణె మ్యాచ్‌కి వద్దాం. భరత్ హుడా ఆ రోజు 20కి పైగా పాయింట్లు తెచ్చాడు. ఒక్కడే! రైడింగ్‌లో ఇంతకంటే ఏం అడుగుతాం? టీమ్ మొత్తం 45 కొట్టింది. కాబట్టి "ఎందుకు కొట్టలేకపోయాం" అన్న ప్రశ్నకి ఇక్కడ అర్థమే లేదు. అడగాల్సింది ఒక్కటే.. "50 ఎలా ఇచ్చేశాం?"

పాయింట్లు ఇచ్చేయడం ముఖ్యంగా మూడు దారుల్లో జరుగుతుంది. మన రైడర్ దొరికిపోవడం ఒకటి. అవతలి రైడర్ చేతికో కాలికో మనవాడు దొరికి అవుటవడం రెండోది. మూడోది అన్నిటికంటే ఖరీదైనది.. పట్టుకోబోయి వదిలేయడం.

ఎలాగో చూడండి. రైడర్ లోపలికి వచ్చాడు. ఇంకా లోతుగా రాలేదు, వాడి ఒంటి బరువు ఇంకా వెనక కాలి మీదే ఉంది. మన కార్నర్ ఆగలేక దూకేశాడు. దీన్నే కబడ్డీవాళ్లు అడ్వాన్స్ ట్యాకిల్ అంటారు. రైడర్ జారిపోతుంటే కవర్ వచ్చి పట్టాడు, ఇంకొకడు వచ్చి మీద పడ్డాడు. అయినా వాడు చెయ్యి చాచి మధ్య గీతని అందుకున్నాడు. ఒక్క పాయింటు పోవాల్సిన చోట మూడు పోయాయి. అది సూపర్ రైడ్. పైగా మనవాళ్లు ముగ్గురు బయటికి!

టీవీలో రీప్లే వేసినప్పుడు మనం చివర పట్టు వదిలినవాడిని చూస్తాం. చూడాల్సింది మొదట దూకినవాడిని. అతని తప్పేనా అంటే అదీ అప్పుడే చెప్పలేం. పక్కనున్న కవర్ తనతో పాటు కదులుతాడని నమ్మి దూకి ఉండొచ్చు. కార్నర్, కవర్ ఒక జంటలా కదలాలి. ఒకడు కాలు పట్టుకుంటే ఇంకొకడు తిరిగే దారి మూసేయాలి. ఆ జంట కుదరకపోతే ఇద్దరూ మంచి డిఫెండర్లే అయినా పాయింట్లు కారిపోతూనే ఉంటాయి.

స్కోర్ కార్డులో డిఫెండర్ పేరు పక్కన "4 ట్యాకిల్ పాయింట్లు" అని ఉంటే సంబరపడతాం. ఎన్నిసార్లు ప్రయత్నించి నాలుగు తెచ్చాడు? ఐదుసార్లా? పదకొండుసార్లా? మ్యాచ్‌ని గెలిపించేదీ ఓడించేదీ ఆ రెండో అంకెే.

ఎంబాపే కూడా ఇలాగే ఓడాడు

ఇది కబడ్డీకి మాత్రమే ఉన్న బాధ కాదు. 2022 డిసెంబర్ 18న ఖతార్‌లో జరిగిన ఫుట్‌బాల్ వరల్డ్ కప్ ఫైనల్ గుర్తుందా? మన దగ్గర కూడా మొబైల్‌లో తెల్లార్లూ దాని గురించే మాట్లాడుకున్నారు. ఫ్రాన్స్ ఆటగాడు ఎంబాపే ఫైనల్లో మూడు గోల్స్ కొట్టాడు. అయినా కప్పు అర్జెంటీనాకే వెళ్లింది. స్కోరు 3-3తో సమం అయ్యాక పెనాల్టీల్లో 4-2తో గెలిచింది.

ఆ రాత్రి అందరూ పెనాల్టీల గురించే మాట్లాడారు. కానీ మ్యాచ్‌లో 80వ నిమిషం దాకా ఫ్రాన్స్ 0-2తో వెనకబడి ఉంది. ఫ్రాన్స్ ఎంత ఇబ్బందిలో ఉందంటే, కోచ్ డెషాంప్ హాఫ్ టైమ్ దాకా కూడా ఆగలేదు. 41వ నిమిషంలోనే ఇద్దరు ఆటగాళ్లని మార్చేశాడు. ఎడమ వైపు నుంచి డి మరియా చేస్తున్న దాడికి వాళ్ల దగ్గర సమాధానం లేకపోయింది. పెనాల్టీ మిస్సయినవాడి మీద పడితే ఈ సంగతి ఎప్పటికీ తెలియదు.

కోచ్ ఎప్పుడు, ఏం మార్చాడన్నది చూడటం మన తెలుగు నేల మీద పాత విద్యే. హైదరాబాద్‌కి చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం భారత ఫుట్‌బాల్ టీమ్‌కి కోచ్‌గా ఉన్నప్పుడు 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్లో ఒక పని చేశారు. డిఫెండర్ జర్నైల్ సింగ్‌కి అంతకుముందు ఒక మ్యాచ్‌లో తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ఆయన్ని వెనక కాకుండా ముందు, ఫార్వర్డ్‌గా ఆడించారు. దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచిన ఆ ఫైనల్లో ఒక గోల్ ఆ జర్నైల్ సింగ్‌దే. గెలుపు వెనక ఆటగాడి గుండె ధైర్యం ఎంతుందో, బెంచ్ మీద కూర్చున్న మనిషి ఆలోచన కూడా అంతే ఉంది.

మట్టి కోర్టు కళ్లతో మ్యాట్‌ని చూస్తే..

ఉత్తరాంధ్రలో కబడ్డీ తెలియని ఊరు ఉండదు. సంక్రాంతికి, అమ్మవారి పండగకి లైట్లు కట్టి రాత్రంతా పోటీలు పెడతారు. చెడుగుడు ఆడిన పెద్దాయన ఒకరు గట్టు మీద కూర్చుని "నాకైతే వాడి కాలు దొరికేసింది" అంటూ ఉంటారు. ఆ అనుభవం చాలా విలువైనది. అయితే మట్టి మీద నేర్చుకున్న కంటితో మ్యాట్‌ని చూసేటప్పుడు చిన్న సవరణ కావాలి.

మట్టిలో ఒట్టి కాళ్లతో ఆడేటప్పుడు రైడర్ గబుక్కున దిశ మార్చలేడు, కాలు జారుతుంది. మ్యాట్ మీద షూ వేసుకున్నవాడికి పట్టు దొరుకుతుంది. ఒక్క అడుగులో తిరిగిపోతాడు. మట్టిలో దొరికే కాలు మ్యాట్ మీద దొరక్కపోవచ్చు. అందుకే అక్కడ డిఫెండర్లు కాలు పట్టడంతో ఆగరు. భుజంతో గుద్ది గీత బయటికి నెట్టే డాష్, ఎదురెళ్లి ఆపే బ్లాక్, చేతులు కలిపి పట్టే చైన్.. ఇవన్నీ వాడతారు. పురుషుల మ్యాట్ 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. ఒక్కో టీమ్‌కి సగం. ఆ కాస్త చోటులో తప్పుకోవడానికి ఎక్కువ దారుల్లేవు. అర సెకను ఆలస్యమైతే చాలు.

మ్యాచ్ అయ్యాక ఈ ఐదు అడగండి

సరే, ఇదంతా గుర్తుపెట్టుకోవడం కష్టం అనుకుంటున్నారా? ఐదు ప్రశ్నలు చాలు.

1. మన మెయిన్ రైడర్ ఎన్నిసార్లు బయటికి వెళ్లాడు? ప్రతిసారీ ఎంతసేపటికి తిరిగొచ్చాడు? అతను లేని నిమిషాల్లో స్కోరు ఎంత మారింది?

2. మన పాయింట్లలో బోనస్‌లు ఎన్ని? స్కోరు పెరిగినా మనుషులు పెరగని సమయం ఎంత?

3. ఆలౌట్‌కి ముందు మనవాళ్లు ముగ్గురికి తగ్గినప్పుడు ఏం చేశారు? సూపర్ ట్యాకిల్ కోసం ఓపిక పట్టారా, తొందరపడ్డారా?

4. డూ ఆర్ డై రైడ్లు ఎన్ని వచ్చాయి? ఎవరిని పంపారు? ఎన్ని గెలిచాం?

5. టైమ్ అవుట్ తర్వాత, సబ్‌స్టిట్యూషన్ తర్వాత ఆటలో ఏమైనా మార్పు కనిపించిందా?

మ్యాచ్ చూస్తూనే ఒక కాగితం మీద గీతలు పెట్టుకున్నా చాలు. మెయిన్ రైడర్ బయటికెళ్లిన టైమ్, తిరిగొచ్చిన టైమ్, అప్పటి స్కోరు. ఇంతే. మ్యాచ్ అయ్యాక ఆ కాగితం చూస్తే మీకే తెలిసిపోతుంది.

ఇదంతా ఎందుకంటే..

"ఆట చూసి ఆనందించక ఈ లెక్కలెందుకు?" అని అడిగేవాళ్లూ ఉంటారు. దానికో కారణం ఉంది.

2025 ఆగస్టు 29న 12వ సీజన్ మన వైజాగ్‌లోనే మొదలైంది. ఏడేళ్ల తర్వాత లీగ్ విశాఖకి తిరిగొచ్చింది. విజయనగరం నుంచి గంటన్నర, శ్రీకాకుళం నుంచి రెండు గంటలకి పైగా ప్రయాణం. తొలి మ్యాచ్‌లోనే టైటాన్స్ ఎదురుగా తమిళ్ తలైవాస్ కెప్టెన్‌గా నిలబడింది ఎవరో కాదు, మన పాత స్టార్ పవన్ సెహ్రావత్. టైటాన్స్ 35-38తో ఓడింది. "స్టార్‌ని వదులుకున్నారు, అనుభవించండి" అని ఆ రాత్రి అనుకోవడం ఎంత తేలికో ఊహించండి. రెండు నెలలు తిరిగేసరికి అదే టీమ్ ఫైనల్‌కి ఒక్క అడుగు దూరంలో ఉంది. మూడు పాయింట్లతో పోయిన మ్యాచ్‌ని చూసి తీర్పు ఇచ్చేసి ఉంటే, ఆ టీమ్‌లో ఏం తయారవుతోందో కనిపించేదే కాదు.

ప్రొ కబడ్డీ ఆటగాడికి కోచ్ ఉంటాడు, వీడియో చూపించి తప్పు ఎక్కడో చెప్పేవాళ్లు ఉంటారు. రాజాం దగ్గరో, టెక్కలి దగ్గరో ఊరి టీమ్‌లో ఆడే పదిహేడేళ్ల కుర్రాడికి ఎవరున్నారు? గట్టు మీద కూర్చున్న మనమే. టీవీ ముందు మనం ఎలా మాట్లాడతామో, ఊరి గ్రౌండ్‌లోనూ అలాగే మాట్లాడతాం. చివరి రైడ్‌లో దొరికిపోయిన కుర్రాడిని "నీవల్లే పోయింది" అంటే వాడు మరుసటి మ్యాచ్‌లో రైడ్‌కి లేవడానికే భయపడతాడు. ఎవరైనా ఒకరు వాడి పక్కన కూర్చుని "ఒరే, నువ్వు వెళ్లేసరికి మనవాళ్లు ఇద్దరే ఉన్నారు. అవతల ఏడుగురు ఉన్నారు. మనం పోగొట్టుకుంది ముందే, వరుసగా మూడు అడ్వాన్స్ ట్యాకిల్స్‌లో" అని చెబితే? వాడు ఇంటికెళ్లి ఆలోచిస్తాడు. మళ్లీ పొద్దున్నే గ్రౌండ్‌కి వస్తాడు.

అందుకే ఈసారి మ్యాచ్ పోతే స్కోర్ కార్డు వెంటనే మూసేయకండి. ఒక్కసారి వెనక్కి జరిపి, మెయిన్ రైడర్ బెంచ్ మీదకి వెళ్లిన తొలి నిమిషం నుంచి చూడండి. "45 కొట్టి కూడా ఓడిపోనామేటి?" అని అడిగిన బావకి జవాబు ఆ చుట్టుపక్కలే దొరుకుతుంది.